వేసవిలో తాడోబా సఫారీ

ప్రశ్న: మే నెల సెలవుల్లో మా అత్తమామలు, పదేళ్ల బాబుతో కలసి మహారాష్ట్రలోని తాడోబా అడవికి వెళ్లాలనుకుంటున్నాము. అంత ఎండలో వెళ్లడం మంచిదేనా? పులి తప్పకుండా కనిపిస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పులి కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అలా హామీ ఇచ్చేవారిని నమ్మకండి. అయితే తాడోబా ప్రధానంగా టేకు, వెదురు పెరిగే ఆకురాల్చే అడవి కనుక, వేసవిలో ఆకులు రాలి చూపు దూరం వరకు సాగుతుంది; వాగులు ఎండిపోవడంతో జంతువులు మిగిలిన నీటి మడుగుల దగ్గరకు చేరతాయి. అందువల్ల పులిని చూసే అవకాశం ఈ కాలంలోనే ఎక్కువ. దుప్పులు, కొండముచ్చులు ఒక్కసారిగా హెచ్చరికగా అరిస్తే జీపును ఆపించి, మౌనంగా వేచి ఉండండి. పులి కోసమే తొందరపడి అడవిదున్నలను, ఎలుగుబంట్లను, రేచుకుక్కల గుంపులను చూడకుండా దాటిపోవడం నిజంగా బాధాకరం. బాబుకు వాటిని కూడా తీరికగా చూపించండి.

తాడోబా ఉన్న చంద్రాపూర్ ప్రాంతంలో మే నెల ఎండలు చాలా తీవ్రంగా ఉంటాయి, పైగా సఫారీ జీపులకు పైకప్పు ఉండదు. అందుచేత పెద్దవారిని ఉదయం సఫారీకే తీసుకువెళ్లి, మధ్యాహ్నం వారిని బసలోనే విశ్రాంతి తీసుకోనివ్వడం మంచిది. మంగళవారం సఫారీలు ఉండవు. టికెట్లను అటవీశాఖ అధికారిక వెబ్‌సైట్‌లో ముందుగానే తీసుకోండి. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డుల అసలు ప్రతులను గేటు దగ్గర చూపవలసి ఉంటుంది. కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా చంద్రాపూర్‌కు రైలులో చేరుకోవచ్చు.