చిన్న కాలేజీలో బీఎస్సీ బయాలజీ చదివితే దారి ఉంటుందా? కందుకూరు వైపు చదివిన అనుభవంతో నా సమాధానం

నీట్‌లో రెండోసారి కూడా సీటు రాలేదనీ, ఇంటి నుంచి బస్సులో వెళ్ళి రాగలిగిన చిన్న డిగ్రీ కాలేజీలో జువాలజీ మేజర్‌గా చేరమని మీ నాన్నగారు అంటున్నారనీ, అలాంటి చోట చదివితే ముందుకు దారి ఉంటుందా లేక అప్పు చేసైనా విజయవాడ వెళ్ళడం మంచిదా అనీ మీరు అడిగారు. నేను కందుకూరు ప్రాంతంలోని ఒక చిన్న కాలేజీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ చదివాను. అప్పట్లో మా ప్రాంతం ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మారినప్పుడు నెల్లూరు జిల్లాలోకి వచ్చి, తరువాత మళ్ళీ ప్రకాశం జిల్లాలోనే కలిసింది. డిగ్రీ అయ్యాక నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ప్రస్తుతం నెల్లూరులో రొయ్యల రైతులకు నీటి పరీక్షలు, వ్యాధి పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ కాలేజీలో ప్రాక్టికల్స్ నిజంగా జరుగుతుంటే నిస్సంకోచంగా చేరండి. జరగకపోతే ఫీజు ఎంత తక్కువైనా, ఇల్లు ఎంత దగ్గరైనా చేరకండి.

ఈ ఒక్క విషయానికే ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. థియరీ ఎక్కడ కూర్చుని అయినా చదువుకోవచ్చు. మంచి పుస్తకం, ఓపిక ఉంటే చాలావరకు సొంతంగానే వస్తుంది. చేతిపని అలా రాదు. పక్కన నిలబడి చూసి, తప్పు ఎక్కడుందో చెప్పే మనిషి కావాలి. మాకు బోటనీలో కాండాల అంతర్నిర్మాణం పాఠం వచ్చినప్పుడు మా లెక్చరర్ కాలేజీ ప్రహరీ పక్కన పెరిగిన అటికమామిడి కాడలు తెప్పించి, తలా ఒక బ్లేడు, వాచ్ గ్లాసులో కాసిని నీళ్ళు ఇచ్చి అడ్డుకోతలు కోయమనేవారు. మొదట వచ్చేవన్నీ ఒక పక్క పలచగా, ఒక పక్క దళసరిగా ఉండేవి. బ్లేడును తడిపి, ఒత్తకుండా మన వైపుకు ఒకే ఊపులో లాగాలని ఆయన ప్రతి ఒక్కరి దగ్గరికీ వచ్చి చూపించేవారు. సరిగా కుదిరిన ముక్కను సేఫ్రనిన్ అనే ఎర్ర రంగులో వేసి, కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేసి చూస్తే నడిమధ్య ఎదురెదురుగా రెండు పెద్ద నాళికాపుంజాలు (నీటిని, ఆహారాన్ని మోసే గొట్టాల కట్టలు), వాటి చుట్టూ చిన్నవి ఒక వలయంగా, ఇంకా బయట మరొక వలయంగా కనిపించేవి. ద్విదళబీజ కాండంలో పుంజాలు ఒకే వలయంలో ఉంటాయని ఇంటర్‌లో బట్టీ పట్టి వచ్చిన మాకు, గోడ పక్కన రోజూ తొక్కుకుంటూ పోయే మొక్క ఆ నియమానికి లోబడలేదని కళ్ళారా చూడటం చాలా పెద్ద సంగతి. మైక్రోస్కోపులు తక్కువే ఉండేవి, కానీ విద్యార్థులమూ తక్కువే కాబట్టి తీరికగా చూడటానికి, చూసినదాన్నే రికార్డులో గీయడానికి అందరికీ వ్యవధి దొరికేది. చిన్న కాలేజీకి ఉన్న మొదటి బలం ఇదే.

రెండో బలం చుట్టూ ఉన్న పొలాలు, తీరం. కందుకూరు పొగాకు పండే ప్రాంతం. వేలం కేంద్రాలు కూడా ఊళ్ళోనే ఉన్నాయి. పరాన్నజీవ మొక్కల పాఠం సరిగ్గా చలికాలంలో రావడంతో మా లెక్చరర్ మమ్మల్ని దగ్గరలోని పొగాకు చేలోకి తీసుకువెళ్ళారు. రైతులు పొగాకు మల్లె అని పిలిచే ఓరబాంకి అక్కడ పొగాకు మొదళ్ళ దగ్గర గుత్తులుగా లేచి ఉంది. ఆకుపచ్చదనం లేదు, ఆకులకు బదులు పొలుసులు, పైన ఊదారంగు ఛాయ ఉన్న పూలు. రైతు అనుమతితో ఒక మొక్కను వేళ్ళతో సహా తవ్వి, బకెట్ నీళ్ళలో మట్టి కరిగే దాకా ఉంచి మెల్లగా కదిపితే, పొగాకు వేరు మీద ఓరబాంకి ఉబ్బి అతుక్కున్న చోటు స్పష్టంగా బయటపడింది. దాని విత్తనాలు ధూళిలా సన్నగా ఉంటాయనీ, పొగాకు వేళ్ళు స్రవించే రసాయనాలు తగిలే దాకా నేలలో ఏళ్ళ తరబడి మొలవకుండా ఉండగలవనీ మా పుస్తకంలో ఉంది. గింజ కట్టకముందే పీకి, చేలో పడేయకుండా బయటికి తీసుకుపోయి కాల్చాలని ఆ రైతు చెప్పారు. ఆయన తీసుకునే జాగ్రత్తకు కారణమేమిటో మాకు అక్కడే, ఆ చేలోనే అర్థమైంది. పట్నంలో చదివే విద్యార్థులకు ఇది ఎక్కువగా బొమ్మల్లోనే దొరుకుతుంది.

తీరం సంగతి మీ భవిష్యత్తుకు ఇంకా దగ్గరిది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఉలవపాడు, గుడ్లూరు మొదలుకొని కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా రొయ్యల సాగు ఉంది. 1990లలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యల సాగును కుంగదీసింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్ళీ విస్తరించింది. సాగుతో పాటే హేచరీలు (రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాలు), మేత కంపెనీలు, ల్యాబులు పెరిగాయి, వాటిలో జీవశాస్త్రం చదివిన వాళ్ళకు పని దొరుకుతోంది. నా రోజువారీ పని నుంచి ఒక్క ఉదాహరణ ఇస్తాను. రైతు సీసాలో తెచ్చిన చెరువు నీటిని టీసీబీఎస్ అగర్ (విబ్రియో అనే బాక్టీరియాను పెంచి చూసే మాధ్యమం) ప్లేటు మీద పరిచి ఇంక్యుబేటర్‌లో పెడితే మర్నాటికి విబ్రియో కాలనీలు వస్తాయి, కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ. "గ్రీన్ ఎంత వచ్చింది మేడమ్?" అన్నదే రైతు అడిగే మొదటి ప్రశ్న. ప్లేటులోని సుక్రోజ్‌ను పులియబెట్టగల జాతులు ఆమ్లాన్ని విడుదల చేస్తాయి, ఆ ఆమ్లానికి ప్లేటులోని బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక రంగు పసుపుగా మారుతుంది. పులియబెట్టలేనివి ఆకుపచ్చగానే ఉండిపోతాయి. రొయ్యలకు హాని చేసే విబ్రియో పారాహీమోలిటికస్ ఈ రెండో రకంలోది. అలాగని పసుపువన్నీ మంచివి, ఆకుపచ్చవన్నీ చెడ్డవి అని తేల్చి చెప్పడం సరికాదు, ఎందుకంటే పసుపు కాలనీలిచ్చే విబ్రియో ఆల్జినోలిటికస్ కూడా నీరసించిన రొయ్యలను దెబ్బతీయగలదు. ఇందులో డిగ్రీ స్థాయిని మించిన జ్ఞానం ఏదీ లేదు. కానీ ఈ కారణాన్ని అర్థం చేసుకున్నవాళ్ళు రంగు చూసి తొందరపడి మందు చెప్పరు, రైతు డబ్బు అనవసరమైన మందుల మీద పోకుండా ఆపగలరు. అందుకే కెమిస్ట్రీని "మనకు అక్కరలేని సబ్జెక్టు" అని పక్కన పెట్టవద్దని బయాలజీ విద్యార్థులను గట్టిగా కోరుతున్నాను.

ఇప్పటి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఉంది కదా, దాన్ని సర్టిఫికెట్ తెచ్చుకునే తంతుగా చేయకండి. హేచరీలో కొన్ని వారాలు నిజంగా పనిచేయండి. రొయ్య పిల్ల ఎదుగుదలలో వరుసగా వచ్చే నాప్లియస్, జోయియా, మైసిస్, పోస్ట్ లార్వా దశలను పుస్తకంలో చదివితే వారానికే మరిచిపోతారు. జోయియాకు శైవలాలు (సూక్ష్మమైన నాచు), తరువాతి దశలకు ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవులను మేతగా పెడుతూ, ఏ ట్యాంకులో పిల్లలు తేరుకున్నాయో, ఏ ట్యాంకులో చనిపోతున్నాయో చూస్తూ నేర్చుకుంటే జీవితాంతం గుర్తుంటాయి.

ఇక లోటుపాట్లు. చిన్న కాలేజీల్లో లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉండటం, గెస్ట్ లెక్చరర్లు సంవత్సరం మధ్యలో మారిపోవడం మామూలే, అలాంటప్పుడు ఒక పేపరు మొత్తం సొంతంగా చదువుకోవలసి వస్తుంది. ల్యాబ్‌కు డబ్బు తక్కువ. డీఎన్‌ఏను ఎన్నో నకళ్ళుగా పెంచి పరీక్షించే పీసీఆర్ యంత్రాన్ని నేను మొదటిసారి చూసింది ఎమ్మెస్సీలోనే. అక్కడ మొదటి సెమిస్టర్ నిజంగా కష్టపడవలసి వచ్చింది. అయితే మైక్రోస్కోపు, కల్చర్ ప్లేట్ల పని అలవాటై ఉండటం వల్ల మిగతావి త్వరగానే పట్టుబడ్డాయి. ఈ లోటును డిగ్రీలోనే కొంత పూడ్చుకునే దారి ఒకటి ఉంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్న మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి, వాటికి డిగ్రీ విద్యార్థులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. చిన్న కాలేజీల నోటీసు బోర్డుల మీద ఈ సంగతి అరుదుగా కనిపిస్తుంది. మీరే వెతికి, లెక్చరర్ చేత సిఫారసు లేఖ రాయించుకోవాలి.

అన్నిటికంటే చెడ్డ లోటు వేరే ఉంది. కొన్ని కాలేజీల్లో ప్రాక్టికల్స్ పరీక్షకు ముందు వారంలో మాత్రమే జరుగుతాయి. రికార్డులు సీనియర్లవి చూసి ఎక్కిస్తారు. ఇది విద్యార్థికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఆ లోటు ఎమ్మెస్సీలోనో ఉద్యోగంలోనో మొదటి రోజే బయటపడుతుంది. అందుకే చేరకముందు కాలేజీకి వెళ్ళి ల్యాబ్ తెరిపించి చూడమంటున్నాను. సింకుల్లో నీళ్ళు వస్తున్నాయా, మైక్రోస్కోపుల మీద దుమ్ము ఉందా, నమూనాల సీసాల్లో ఫార్మలిన్ నిండుగా ఉండి చీటీలు చదవగలిగేలా ఉన్నాయా, రెండో సంవత్సరం పిల్లల రికార్డుల్లో తేదీలు ఏడాది పొడుగునా ఉన్నాయా లేక అన్నీ ఒకే నెలవా, ఇవి చూస్తే చాలు. జంతువుల డిసెక్షన్ లేదని మాత్రం కాలేజీని తప్పుపట్టకండి. దాన్ని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2014లో ఆపేసింది. మా రోజుల్లో మూడు సబ్జెక్టులూ సమానంగా ఉండేవి. 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది కాబట్టి, జువాలజీకి తోడుగా మైనర్ ఏది ఇస్తున్నారో, దాన్ని బోధించే లెక్చరర్ ప్రస్తుతం ఉన్నారో లేదో కూడా అడగండి.

డిగ్రీలో చేరి మళ్ళీ లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు. నా సలహా, వద్దు. నీట్ చదువు నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడం నేర్పుతుంది, డిగ్రీ చదువు బొమ్మ గీసి, కారణం రాసి, ఎదురుగా ఉన్న పరీక్షకుడికి చెప్పి ఒప్పించడం నేర్పుతుంది. రెండిటికీ ఒకే ఏడాదిలో న్యాయం చేయడం కష్టం. నీట్ మళ్ళీ రాయాలని మనసులో ఉంటే ఈ ఏడాది దానికే ఇచ్చేయండి. డిగ్రీలో చేరితే డిగ్రీనే చదవండి.

మీరు తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివానని రాశారు. నేనూ అంతే. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం పక్కన తెలుగు అకాడమీ పుస్తకం పెట్టుకుని, ముందు విషయాన్ని తెలుగులో పూర్తిగా అర్థం చేసుకుని, అదే రోజు ఇంగ్లీషులో ఒక పేజీ సొంత మాటల్లో రాసేదాన్ని. మొదటి సంవత్సరం గడిచేసరికి ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే సరిపోయేది.

డిగ్రీ ఒక్కదానితో ఆగిపోతే మాత్రం చిన్న జీతాలకే పరిమితం కావలసి వస్తుంది, ఈ మాట మీ నాన్నగారికి కూడా ముందే చెప్పండి. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశానికి ఏపీ పీజీసెట్ ఉంది, ఐఐటీల వంటి చోట్ల ఎమ్మెస్సీకి జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు ఉంది. రెండో సంవత్సరం నుంచే వాటి పాత ప్రశ్నపత్రాలు చూస్తూ ఉండండి. నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ (సముద్ర జీవశాస్త్రం) విభాగం ఉంది కాబట్టి మరీ దూరం వెళ్ళకుండానే పీజీ చేసే అవకాశం కూడా ఉంటుంది. విజయవాడ హాస్టల్‌కు అప్పు చేయాలనుకున్న డబ్బును ఆ రెండేళ్ళ ఎమ్మెస్సీ కోసం దాచి ఉంచమని చెప్పండి. ఒకవేళ మీ నాన్నగారు చెప్పిన కాలేజీలో ల్యాబ్ నడవడం లేదని తేలితే, కావలి బస్సు దూరమే కాబట్టి 1951లో మొదలైన జవహర్ భారతి వంటి పాత కాలేజీలో ఇవే ప్రశ్నలు అడిగి చూసి, ఆ తరువాతే ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టుకోండి.