టీచర్లు ప్రతి సంస్కరణకీ ఎందుకు అడ్డుపడతారు? విజయనగరం నుంచి ఒక జవాబు

"ఇంత ఖర్చు పెట్టి బడులు బాగుచేస్తుంటే ప్రభుత్వ టీచర్లు ప్రతిదానికీ ఎందుకు గోల పెడతారు? విజయనగరంలో మా అబ్బాయిని మున్సిపల్ బడిలో ఒకటో తరగతిలో వేయొచ్చా?" అని అడిగారు. నేను ఇదే ఊళ్లో ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతులకి చెప్పే టీచర్ని. కాబట్టి నా జవాబు ఒక పక్కకి ఒరిగే ఉంటుంది.

బాగున్నవాటిని బాగున్నాయనే చెప్తాను. ప్రభుత్వ బడులు బాగుచేసే నాడు-నేడు పథకం పనులయ్యాక మా బడికి నీళ్లొచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, పిల్లలకి బల్లలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉండే పాఠ్యపుస్తకాలు నాకు నిజంగా నచ్చాయి. వీటిని ఏ టీచరూ వద్దనలేదు. గోడకి రంగు వేస్తామంటే వద్దనేవాళ్లెవరు? మా పేచీ అంతా తరగతి గదిలో వేలు పెట్టేవాటి గురించే.

2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూలుకి కలపాలి, అక్కడ సబ్జెక్టు టీచర్లు చెబుతారు, మా దగ్గర ఒకటి, రెండు మిగులుతాయి. వినడానికి ముచ్చటగానే ఉంది. మూడో తరగతి పిల్లాడికి లెక్కలకో మాస్టారు, ఇంగ్లిషుకో మేడమ్! కానీ ఎనిమిదేళ్ల పిల్లలకి కావలసింది పీరియడుకొక టీచరు కాదండీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తమని ఎరిగిన ఒక మనిషి. పదో తరగతికి త్రికోణమితి చెప్పుకునే స్కూల్ అసిస్టెంటుని, అంటే హైస్కూలు సబ్జెక్టు టీచరుని పిలిచి మూడో ఎక్కం చెప్పమంటే ఆయనకీ శిక్షే, పిల్లలకీ శిక్షే. ఈ మాట ఎవరితోనైనా వాదిస్తాను.

మా బడి నుంచి ఆ హైస్కూలుకి వెళ్లాలంటే మెయిన్ రోడ్డు దాటాలి. మ్యాపులో కొలిస్తే కిలోమీటరు లోపే. మ్యాపులో లారీలు కనబడవు కదా.

ఆ ఏడాది మూడో తరగతికి వెళ్లినవాళ్లలో ఒక పిల్ల ఉంది. వాళ్ల తమ్ముడు మా దగ్గర ఒకటో తరగతి. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ చూస్తే బ్యాగు వీపుకి తగిలించుకునే వాడి పక్కన కూర్చుని, వాడి గుడ్డుకి పెంకు ఒలుస్తోంది. తనకి కంచం లేదు. "ఏమ్మా, ఇక్కడున్నావేం?" అంటే, "అక్కడ నా పేరు పిలవడం లేదు టీచర్" అంది. తీరా ఆరా తీస్తే, ఆన్‌లైన్‌లో మా బడి నుంచి పేరు తీసేశారు, అక్కడ ఇంకా ఎక్కించలేదు. నా ఫోన్లో ఆ పిల్ల లేదు, అక్కడి మాస్టారి ఫోన్లోనూ లేదు. వంట చేసే ఆమె మాత్రం "గుడ్డు లెక్కకి సరిపోదు మేడమ్" అంటూనే ఒక కంచం తెచ్చి అన్నం వడ్డించింది.

పై ఆఫీసుకి ఫోన్ చేస్తే, "వెంటనే అక్కడికి పంపేయండి మేడమ్, మీ దగ్గర ఉంచుకుంటే రిమార్కు పడుతుంది" అన్నారు. మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. నాలుగిళ్లలో పనిచేసుకునే మనిషి. "ఆ రోడ్డు కాడికి గుంటని నానంపను టీచరమ్మా. లారీ గుద్దీసినాక మీ జీవో ఏటి సేత్తాది?" అని నిలదీసింది. నా దగ్గర ఏం జవాబుంటుంది? ఆ వారంలోనే పిల్లని వీధి చివరి కాన్వెంటులో వేసేసింది. అక్క లేకుండా ఉండనని తమ్ముడూ వెళ్లిపోయాడు. తర్వాత మీటింగులో నన్ను నిలబెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "మీ బడిలో పిల్లలు ఎందుకు తగ్గారు?" దానికి రాతపూర్వకంగా సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాను.

2025లో ఆ 117 జీవోనే రద్దు చేశారు. ఇప్పుడు తొమ్మిది రకాల బడులట. సంతోషం. ఆ పిల్ల ఈడువాళ్లకి అప్పటికి ఐదో తరగతి అయిపోయింది. కలిపినప్పుడూ మమ్మల్ని అడగలేదు, విడదీసినప్పుడూ అడగలేదు. మేం "అడ్డుపడ్డాం" అని మీరు చదివిన వార్తల్లో సగం ఇలాంటివే. అప్పుడు మేం వద్దన్నదాన్నే తర్వాత వాళ్లే వద్దనుకున్నారు.

ఇక ఫోన్ల గోల. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. దానికి మా సొంత ఫోను, మా సొంత డేటా. పిల్లల హాజరు, భోజనం లెక్క, చివరికి మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే ఎక్కించాం. డీఎడ్ చదివి, డీఎస్సీ రాసి, మరుగుదొడ్డి ఫొటో మసగ్గా వచ్చిందని మళ్లీ తీసినదాన్ని నేను. ఇప్పుడు యాప్‌లన్నీ కలిపి ఒకటి చేశారు. ఫోన్లో యాప్ గుర్తు ఒకటే అయింది గానీ నింపాల్సినవి ఏం తగ్గాయి? పొద్దున మొదటి పీరియడ్ పిల్లల బుర్ర పనిచేసే సమయం. సరిగ్గా అప్పుడే మేం సిగ్నల్ కోసం గేటు దగ్గర నిలబడి ఉంటాం. మా చిన్నప్పుడు పంతులాట ఆడితే బెత్తం పట్టుకునేవాళ్లం. మా ఒకటో తరగతి పిల్లలు టీచరాట ఆడితే పలక మొహానికెదురుగా ఎత్తి పట్టుకుని, "కదలకండి, రావట్లేదు" అంటున్నారు.

జీతాలు తీసుకోవట్లేదా అని ఎవరో ఒకరు కింద రాస్తారు, నాకు తెలుసు. తీసుకుంటున్నాను, పాఠం చెప్పడానికి. సెల్లు తుడుచుకోవడానికి కాదు. ఇంకో మాట, ఏనాడూ ఒకటో తరగతి ముందు నిలబడని కుర్రాళ్లు స్లైడ్లు వేసి మాకు "ఆనందదాయక బోధన" నేర్పే ట్రైనింగుల గురించి రాయడం మొదలుపెడితే ఇది తెల్లారినా అవదు.

మీ అబ్బాయి సంగతి. వేయండి. కానీ భవనం చూసి వేయకండి, ఇప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. పది గంటలప్పుడు చెప్పకుండా వెళ్లండి. ఒకటో తరగతికంటూ విడిగా ఒక టీచర్ ఉన్నారో, ఒక్కరే రెండు మూడు తరగతులు లాక్కొస్తున్నారో చూడండి. విడిగా ఉంటే మర్నాడే చేర్పించేయండి. లేకపోతే ఆ పక్క వార్డు బడి కూడా చూసి రండి. ఆధార్ కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ జిరాక్సులు పట్టుకెళ్లండి, పేరు ఆన్‌లైన్‌లో ఎక్కిందో లేదో మీ కళ్లతో చూసుకున్నాకే బయటకి రండి.