అంగట్లో చేసిన పని రాయి తల్లీ

ఎర్రగుంట్ల

అమ్మణ్ణికి పెద్దనాయన ఆశీస్సులు.

పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. మన ఇంటి ఆడపిల్ల ప్లాంటులో పనికి పోతుందంటే ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నా. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రెజ్యూమే చూసినాక మాత్రం రాత్రి నిద్ర పట్టలే.

ముందు చిన్నవి చెప్తా. ఒక్క పేజీ చాలు, పీడీఎఫ్ చేసి పంపు. ఆధార్ నంబరు, కులం అక్కర్లేదు. ఆ రంగుల డబ్బాలు తీసెయ్. పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల మనిషి కన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, డబ్బాల్లో రాసింది దానికి ఒక్కోసారి అందదు. ఉద్యోగం ఇప్పిస్తాం, డబ్బు కట్టమని ఎవరన్నా ఫోన్ చేస్తే మారు మాట్లాడకుండా పెట్టెయ్.

ఇంక అసలు సంగతి. డిప్లొమా 2023లో అయిందని రాసినావు. ఆ కింద ఏమీ లేదు. అప్పట్నుంచీ మీ నాయన అంగట్లో కాలిన మోటార్లకు రాగి తీగ మళ్ళీ చుట్టింది ఎవరు?

నేను సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఇంటర్వ్యూల్లో కూర్చునేవాణ్ని. జమ్మలమడుగు పక్క పల్లె పిల్లోడు ఒకడు వచ్చినాడు. కాగితం మీద ఐటీఐ మార్కులు, ఆ కింద టైపు సెంటరోళ్లు కొట్టిచ్చిన పెద్ద పెద్ద ఇంగ్లీషు వాక్యాలు. మధ్యలో మూడేండ్లు ఖాళీ. ఏం చేసినావని మా ఆఫీసరు అడిగితే తల వంచుకొని 'ఇంట్లోనే సార్' అన్నాడు. అంతే, ఇంకొకర్ని పిలిచినారు. సాయంత్రం బస్టాండులో కనబడితే టీ తాగించినా. వేళ్లనిండా వార్నిష్ మరకలు. ఏందిరా ఇవి అంటే, మామ అంగట్లో మోనోబ్లాకు పంపు మోటార్లు రివైండింగు చేస్తానన్నాడు. లోపల ఎందుకు చెప్పలేదంటే, 'అదీ ఉద్యోగమేనా సార్, కంపెనీ పేరే లేదు కదా' అన్నాడు. మాకు కావలసింది సరిగ్గా అట్లాంటోడే. అప్పటికే లిస్టు పైకి పోయింది. నీ కాగితంలో ఆ ఖాళీ చూస్తే వాడి ముఖమే కనబడింది, నీ మీద కోపమొచ్చింది.

సిగ్గెందుకే నీకు? వానల్లేని ఏడు బోర్లు అడుగంటి, నీళ్లు లేకుండా తిరిగి కాలిపోయిన మోటార్లు ట్రాక్టర్ల మీద తెస్తే, రైతులు గడప దగ్గర కాచుకొని ఉంటే, రాత్రిళ్లు కూర్చుని చుట్టిచ్చినావు. అదే రాయి. 5 నుంచి 10 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్ల రివైండింగు, మెగ్గరు మీటరుతో ఇన్సులేషన్ పరీక్ష, కాలింది డ్రై రన్ వల్లా, ఒక ఫేజు పోవడం వల్లా అని కనిపెట్టడం, స్టార్టర్ రిపేరు. నెలకు సుమారుగా ఎన్ని మోటార్లో అంగడి పుస్తకం చూసి రాయి. ఈ వివరాలు పైన, మార్కులు కింద. 'కష్టపడి పనిచేస్తాను' అన్న వాక్యం కొట్టెయ్.

రానిది మాత్రం ఒక్కటీ కలపొద్దు. మిషన్లను నడిపే కంప్యూటరు, ఆ పీఎల్‌సీని కాలేజీ ల్యాబులోనే చూసింటే ల్యాబులో అనే రాయి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

చిన్నప్పుడు ఆ అంగట్లోనే రాగి తీగ ముక్కలు గాజులని వేసుకొని తిరిగేదానివి. మీ పెద్దమ్మ ఇప్పటికీ చెప్తాది.

మార్చి మళ్ళీ నాకు పెట్టు. కంపెనీకి పోయే ముందు, అందులో ఉన్న ఫోన్ నంబరుకు నేనే ఒకసారి చేసి చూస్తా, ఎత్తు.

పెద్దనాయన