బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లను వేరే డ్రైవ్‌కు మార్చడం ఎలా?

ప్రశ్న: నా కంప్యూటర్‌లో విండోస్ ఉన్న సీ డ్రైవ్ చిన్నది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన సెట్టింగులనూ, చేసిన పనులను నమోదు చేసే లాగ్ ఫైళ్లనూ అందులోనే పోగుచేస్తుండడంతో ఖాళీ తగ్గిపోతోంది. ఆ ఫోల్డర్‌ను కట్ చేసి డీ డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరిస్తే, అప్పుడే ఇన్‌స్టాల్ చేసినట్టు ఖాళీగా ఉంది. నేను పెట్టుకున్న షెడ్యూళ్లు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. సాఫ్ట్‌వేర్ తన సెట్టింగుల కోసం ఎప్పుడూ ఒకే చోట, సాధారణంగా సీ డ్రైవ్‌లో దాగి ఉండే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో, వెతుకుతుంది. అక్కడ ఏమీ కనిపించకపోయేసరికి కొత్త ఖాళీ ఫైళ్లను సృష్టించుకుంది. విండోస్‌లోని సర్వీసెస్ విండోలో ఆ సాఫ్ట్‌వేర్ సర్వీసును, అంటే తెర వెనుక నడిచే దాని భాగాన్ని, ఆపి, కొత్తగా పుట్టిన ఫోల్డర్‌కు పేరు మార్చి, డీ డ్రైవ్‌లోని పాత ఫోల్డర్‌ను యథాస్థానానికి కాపీ చేసి, సర్వీసును తిరిగి ప్రారంభిస్తే షెడ్యూళ్లు కనిపించాలి.

తర్వాత, ఆ ఫోల్డర్‌లో ఎక్కువ చోటు ఆక్రమిస్తున్నది ఏదో చూడండి. సెట్టింగుల ఫైళ్లు సాధారణంగా చాలా చిన్నవి. పెరిగేవి లాగ్‌లు, బ్యాకప్ అయిన ఫైళ్ల వివరాలు దాచే డేటాబేస్. ఏదో సమస్య వచ్చినప్పుడు లాగ్ స్థాయిని డీబగ్‌కు, అంటే ప్రతి చిన్న వివరాన్నీ రాసే స్థాయికి, మార్చి అలాగే వదిలేసి ఉంటే, దానిని మామూలు స్థాయికి తెచ్చి, పాత లాగ్‌లు ఎన్ని రోజులు ఉండాలో తగ్గించడంతోనే పని పూర్తికావచ్చు. ఏమీ తరలించనవసరం లేకపోవడం అన్నిటికంటే మేలు.

తరలించక తప్పదనుకుంటే, ముందుగా సాఫ్ట్‌వేర్‌లోనే అందుకు ఏర్పాటు ఉందేమో వెతకండి. ఉదాహరణకు డూప్లికాటీ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో డేటా ఫోల్డర్ ఎక్కడుండాలో సర్వర్ ప్రారంభమయ్యేటప్పుడే ఆప్షన్ ద్వారా చెప్పవచ్చు; అయితే ఒక్కో బ్యాకప్ డేటాబేస్ చిరునామా విడిగా నమోదై ఉంటుంది కాబట్టి, దానిని ఆ బ్యాకప్‌కు చెందిన డేటాబేస్ పేజీలో కూడా మార్చాలి.

అలాంటి ఏర్పాటు లేనప్పుడు మిగిలేది జంక్షన్, అంటే ఒక ఫోల్డర్ చిరునామాను మరో ఫోల్డర్‌కు మళ్లించే విండోస్ లింకు. సర్వీసును ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లో రోబోకాపీ అనే కాపీ ఆదేశంతో, ఫోల్డర్ అనుమతులు కూడా వెంట వచ్చేలా కాపీఆల్ స్విచ్ జోడించి, డీ డ్రైవ్‌కు కాపీ చేయండి. పాత ఫోల్డర్‌ను తొలగించకుండా పేరు మాత్రం మార్చండి. ఆపైన లింకును సృష్టించే ఎంకేలింక్ ఆదేశానికి జే స్విచ్ చేర్చి, ముందు పాత చిరునామానూ తర్వాత కొత్త చిరునామానూ ఇవ్వండి. ఈ వరుస తారుమారు కాకూడదు. సాఫ్ట్‌వేర్ పాత చోటికే వెళ్తున్నానని అనుకుంటుంది, ఫైళ్లు మాత్రం డీ డ్రైవ్‌లో చేరతాయి. జంక్షన్ కంప్యూటర్‌లోని డ్రైవ్‌లకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ ఫోల్డర్‌కు పనికిరాదు. తీసి పెట్టే యూఎస్‌బీ డ్రైవ్‌ను ఎంచుకోకండి. సర్వీసు మొదలయ్యే సమయానికి అది లేకపోయినా, దాని అక్షరం మారినా సాఫ్ట్‌వేర్ నిలిచిపోతుంది.

అనుమతుల మాట ఊరికే చెప్పలేదు. సెట్టింగులలో క్లౌడ్ ఖాతాల వివరాలు, పాస్‌వర్డులు ఉండవచ్చు. డీ డ్రైవ్‌లో మామూలుగా సృష్టించిన ఫోల్డర్‌ను ఆ కంప్యూటర్ వాడే ఇతరులు కూడా సాధారణంగా తెరవగలరు, మార్చగలరు.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటుంది. మీ బ్యాకప్ సీ డ్రైవ్‌కే పరిమితమైతే, ఈ మార్పు తర్వాత సెట్టింగులు అందులో ఉండవు. చాలా సాఫ్ట్‌వేర్లు జంక్షన్‌ను లింకుగానే దాచి, అది చూపే ఫైళ్లను వదిలేస్తాయి. రేపు సీ డ్రైవ్‌ను పునరుద్ధరించినప్పుడు డీ డ్రైవ్ పాడై ఉంటే, లింకు మిగిలి సెట్టింగులు మిగలవు. కాబట్టి డీ డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్‌ను కూడా బ్యాకప్ జాబితాలో చేర్చి, సెట్టింగులను ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో చోట దాచండి. ఒక బ్యాకప్ నడిపి, కొత్త లాగ్ డీ డ్రైవ్‌లో పడిందని, ఒక ఫైలు తిరిగి తెచ్చుకోగలిగారని రూఢి చేసుకున్నాకే పేరు మార్చిన పాత ఫోల్డర్‌ను తొలగించండి.

ప్రశ్న: లాగ్‌లతో పాటు ఆ ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్లను కూడా తొలగిస్తే పాత బ్యాకప్‌లు తెరుచుకుంటాయా?

జవాబు: పాత లాగ్‌లు పోతే ఏమీ కాదు. డేటాబేస్ పోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు దానిని బ్యాకప్ ఫైళ్ల నుంచే మళ్లీ నిర్మించుకుంటాయి. డూప్లికాటీ అలాంటిదే, కాకపోతే చాలా సమయం పట్టవచ్చు. బోర్గ్ అనే మరో బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో, బ్యాకప్‌ను తెరిచే తాళంచెవిని విడి ఫైలుగా దాచే కీఫైల్ పద్ధతిని ఎంచుకున్నవారి పరిస్థితి వేరు. ఆ తాళంచెవి ఫైలు సెట్టింగుల ఫోల్డర్‌లోనే ఉంటుంది కనుక, దాని నకలు ఎక్కడా లేకుండా తొలగిస్తే, పాస్‌వర్డ్ గుర్తున్నా ఆ బ్యాకప్ తెరుచుకోదు.