మిర్చి గోదాముల లెక్కల్లో తేదీలు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

గుంటూరు,
2025 నవంబరు 12.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు విజయవాడలో ఉద్యోగం మానేసి, మా గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సరుకు లెక్కలు, అద్దె, సరుకు మీద రైతులు తీసుకునే అప్పులు, వాటి వడ్డీ అన్నీ చూసే ప్రోగ్రాము రాసి ఇస్తానని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో భయమే ఎక్కువగా వినిపించింది. నాకు మాత్రం ముందు గర్వం కలిగింది. కాసేపటికి వడ్డీ అన్న మాట మళ్లీ గుర్తుకు వచ్చి దిగులు పట్టుకుంది. సరుకు లెక్కలో తేడా వస్తే గోదాములోకి వెళ్లి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టి సరిచేసుకోవచ్చు. తేదీలో వచ్చిన తేడాను ఎక్కడికి వెళ్లి లెక్కపెడతాం? అందుకే ఈ ఉత్తరం మొత్తం తేదీల గురించే రాస్తున్నాను. మిగతా ప్రోగ్రామింగ్ విషయాలు నాకన్నా నీకే బాగా తెలుసు.

తేలిక సంగతులు ముందు ముగిస్తాను. సంవత్సరాన్ని ఎప్పుడూ నాలుగు అంకెల్లోనే రాయించు. రైతు పుట్టిన సంవత్సరం 55 అని వదిలేస్తే పైథాన్ భాష దాన్ని 2055గా చదువుకుంటుంది. లీపు సంవత్సరపు లెక్క నువ్వు సొంతంగా రాయవద్దు. 2000 లీపు సంవత్సరమని, 2100 కాదని భాషతో వచ్చే లైబ్రరీకి, అంటే సిద్ధంగా రాసి ఉన్న కోడుకు, తెలుసు. జావాస్క్రిప్టులో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి ఏప్రిల్ అంటే 3 అని నీకు చెప్పనక్కరలేదు. జావాలో తేదీని అచ్చు వేసేటప్పుడు సంవత్సరానికి చిన్న వై అక్షరాలే పెట్టు. పెద్దవి పెడితే ఆ వారం ఏ సంవత్సరం లెక్కలోకి వస్తుందో ఆ సంవత్సరం అచ్చవుతుంది, అప్పుడు 2024 డిసెంబరు 31 నాటి రసీదు మీద 2025 డిసెంబరు 31 అని పడుతుంది. ఏడాదంతా సక్రమంగా పనిచేసి చివరి వారంలో మాత్రమే బయటపడే తప్పు కనుక, పరీక్షల్లో అది దొరకదు.

ఇక నా దిగులుకు అసలు కారణం చెబుతాను. కొన్నేళ్ల క్రితం, పేరు ఇప్పుడెందుకు, సరుకు తాకట్టు మీద అప్పులిచ్చే ఒక సంస్థ నన్ను పిలిపించింది. తమ రికార్డుల్లో అప్పు తేదీలను ఎవరో మారుస్తున్నారని, రైతులు తమ చేతిలోని బాండు కాగితం చూపించి గొడవ పడుతున్నారని వాళ్లు చెప్పారు. కాగితం మీద ఏప్రిల్ 1 ఉంటే కంప్యూటరులో మార్చి 31 ఉంది, కొన్నిటిలో మార్చి 29 కూడా ఉంది. తేదీ వెనక్కి జరిగితే వడ్డీ పెరుగుతుంది. పైగా ఏప్రిల్ 1 నాటి అప్పు పాత ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. యజమానుల అనుమానం అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న గుమాస్తా మీద పడింది, ఎందుకంటే ఎక్కువ తేడాలున్న రికార్డులన్నిటినీ చివరిసారి తెరిచింది ఆయనే. పెరిగిన వడ్డీలో ఆయనకు వాటా ఉందని నా ముందే అన్నారు.

జరిగింది వేరు. ఆ ప్రోగ్రాము అప్పు తేదీని కేవలం ఒక రోజుగా కాక, ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలు అనే క్షణంగా మార్చి పంపేది. సర్వరు ఆఫీసులోనే ఉండి మన గడియారంతో నడిచినంత కాలం ఏ చిక్కూ రాలేదు. తరువాత దాన్ని అద్దె సర్వరుకు మార్చారు, అది యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంతో నడిచేది. మన సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి పెట్టుకున్నది కనుక యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకు ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటే వేళకు అక్కడ ఇంకా మార్చి 31 సాయంత్రం 6:30. సర్వరు ఆ 6:30ని కత్తిరించి మార్చి 31ని మాత్రం దాచుకునేది. ఆ రికార్డును మళ్లీ తెరిచి, తేదీని ముట్టుకోకుండా ఫోను నంబరు ఒక్కటి సరిచేసి భద్రపరిచినా, మార్చి 31 అర్ధరాత్రి అనే క్షణం పైకి వెళ్లి మార్చి 30గా నిలిచేది. తెరిచిన ప్రతిసారీ ఒక రోజు జారిపోయేదన్న మాట. ఆ గుమాస్తా అందరికన్నా శ్రద్ధగల మనిషి. చిరునామాలో అక్షరం తప్పు కనిపించినా తెరిచి దిద్దేవాడు. ఆయన శ్రద్ధ చూపిన రికార్డులే అన్నిటికన్నా ఎక్కువ చెడిపోయాయి.

ఇది నాకు ఎలా దొరికిందో కూడా రాస్తాను, నీకు ఏనాడైనా పనికి రావచ్చు. గేటు దగ్గర లారీలు వచ్చిన సమయాల పట్టికను అప్పుల పట్టికతో పక్కపక్కన పెట్టి చూశాను. పగటిపూట వచ్చిన లారీల తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర లోపు వచ్చినవి మాత్రమే ముందు రోజుకు జరిగాయి. దొంగ అయితే గడియారం చూసుకుని తేదీలు దిద్దడు కదా! అప్పటికే ఆ గుమాస్తాను పనిలోకి రావద్దన్నారు. నిజం తెలిశాక కబురు పెట్టారు గాని, ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. తేదీలన్నిటినీ పాత బాండు కాగితాల నుంచి మళ్లీ ఎక్కించారు, ఆ పనికి ఆ సీజనంతా పట్టింది.

బుజ్జీ, నువ్వు చిన్నప్పటి నుంచీ లెక్కలో తేడా చూపిస్తే, ఒక్కటే కదా పెద్దమ్మా అని నవ్వేదానివి. ఆ నవ్వంటే నాకు ఎంత ఇష్టమైనా, ఈ పనిలో దాన్ని పక్కన పెట్టు. నీ ప్రోగ్రాము తప్పు చేస్తే మాట పడేది నువ్వు కాదు, దాని ముందు కూర్చున్న మనిషి.

చేయవలసినది కష్టమైనది కాదు. అప్పు తేదీ, పుట్టిన తేదీ, గడువు తేదీ వంటివి కాగితం మీద రాసే రోజులు. వాటికి గంటలూ లేవు, దేశమూ లేదు. వాటిని డేటాబేసులో డేట్ రకంగానే ఉంచు, టైమ్‌స్టాంపుగా, అంటే గంటలతో కూడిన క్షణంగా, చేయవద్దు. జావాలో అయితే 2014లో వచ్చిన జావా 8 నుంచి గంటలు లేని తేదీకి లోకల్‌డేట్ ఉంది, పైథాన్‌లో డేట్ ఉంది. జావాస్క్రిప్టులో ఇలాంటిది చాలా కాలం లేకపోవడమే ఎన్నో తిప్పలకు మూలం కనుక, బ్రౌజరు నుంచి సర్వరుకు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాసే ఐఎస్ఓ 8601 పద్ధతిలో 2025-04-01 అన్న అక్షరాలుగానే పంపు, మధ్యలో క్షణంగా మారనివ్వకు. లారీ గేటు దాటిన సమయం, డబ్బు చేతులు మారిన సమయం మాత్రం నిజమైన క్షణాలు. వాటిని యూటీసీలో దాచి, చూపించేటప్పుడు ఆసియా/కోల్‌కతా అన్న పేరుతో మన సమయానికి మార్చు. ఐదున్నర అన్న అంకెను కోడులో నేరుగా రాయకు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 దాకా, ఈ దేశపు గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి ఆరున్నర చేశారు. ప్రభుత్వం తలచుకుంటే సమయం మారుతుంది. కోల్డ్ స్టోరేజీ యజమానుల పిల్లలు డల్లాస్‌లో కూర్చుని లెక్కలు చూస్తారన్నది నీకు తెలియని విషయం కాదు. వాళ్లకు కూడా ఏప్రిల్ 1 ఏప్రిల్ 1గానే కనిపించాలి.

వడ్డీ దగ్గర కోడు రాసే ముందు గుమాస్తాను అడుగు. లక్ష రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, 2025 ఫిబ్రవరి 10న ఇచ్చి ఆగస్టు 25న తీర్చారనుకో. తేదీ నుంచి తేదీకి నెలలు కట్టి, మిగిలిన రోజులకు నెలకు ముప్ఫై చొప్పున లెక్క వేస్తే ఆరున్నర నెలలు, 13,000 రూపాయలు. అసలు రోజులు 196. ఏడాదికి 365 రోజుల చొప్పున 12,888, 360 రోజుల చొప్పున 13,067. మూడూ లెక్క ప్రకారం సరైనవే, ఊళ్లో చెల్లేది ఒక్కటే. ఇచ్చిన రోజు, తీర్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయా అన్నది కూడా అడిగి, సమాధానాన్ని కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకో. నెలవారీ గడువులు ఉంటే ప్రతి గడువునూ మొదటి తేదీ నుంచే లెక్కించు. జనవరి 31కి ఒక నెల కలిపితే జావా ఫిబ్రవరి చివరి రోజు ఇస్తుంది, జావాస్క్రిప్టు మార్చిలోకి దూకుతుంది. ముందు గడువు నుంచి తరువాతి గడువును లెక్కిస్తూ పోతే 31న మొదలైన అప్పు 28కి చేరి అక్కడే ఉండిపోతుంది.

పాత లెక్కలు ఎక్సెల్ ఫైళ్లలో నీ చేతికి వస్తాయి. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరులో 04/03/2025 అని కొడితే మన మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అవుతుంది, 25/03/2025 మాత్రం తేదీ కాలేక ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. కాబట్టి ఒకే నిలువు వరుసలో సగం తేదీలు, సగం అక్షరాలు కనబడితే, సవ్యంగా కనిపించే సగాన్నే ముందు అనుమానించు. 45748 వంటి అంకె కనబడితే కంగారు పడకు, అది ఎక్సెల్ లోపల రోజుల లెక్కగా రాసుకున్న 2025 ఏప్రిల్ 1. లోటస్ 1-2-3 అనే పాత లెక్కల ప్రోగ్రాముతో పొసగడం కోసం, అసలు లేని 1900 ఫిబ్రవరి 29ని కూడా ఎక్సెల్ లెక్కలో ఉంచుకుంది కనుక, ఆ మార్పిడిని సొంతంగా చేయకుండా లైబ్రరీకి వదిలేయి.

పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లు ఆ రైతుల్లో చాలామంది ఉంటారు, కొందరి ఆధార్ కార్డు మీద సంవత్సరం ఒక్కటే ఉంటుంది. మీ అమ్మమ్మ కూడా పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టానని చెప్పేది తప్ప తేదీ చెప్పలేకపోయేది. సంవత్సరం మాత్రమే తీసుకునే వీలు ఉంచు. జనవరి 1 అని బలవంతంగా నింపించకు.

యజమానులు పంచాంగం కూడా పెట్టమంటారు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం. అది ఏ వేళనైనా మొదలవుతుంది, ఒక్కోసారి సూర్యోదయాన్ని తాకకుండానే ముగిసిపోతుంది. ఉగాది 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న వస్తుంది. ఆ గణితం జోలికి పోకుండా, ఏటా పంచాంగం చూసి సెలవుల పట్టిక నింపే తెర ఒకటి ఇచ్చి ఊరుకో.

సంక్రాంతి దాటితే కొత్త మిర్చి మొదలవుతుంది, నీకు పెద్దగా వ్యవధి లేదు. ఇచ్చే ముందు కంప్యూటరును డల్లాస్ సమయానికి మార్చి ఏప్రిల్ 1 నాటి అప్పును తెరువు. ఒకే రికార్డును పదిసార్లు తెరిచి భద్రపరిచి తేదీ కదలలేదని చూడు. తెల్లవారుజామున రెండు గంటలకు ఒక లారీని గేటు దాటించు, 2024 ఫిబ్రవరి 29న ఒక అప్పు ఇప్పించు. కాటా దగ్గరి పాత యంత్రం సెకన్లను 32 బిట్లలో లెక్కపెడుతోందేమో కూడా కనుక్కో. అలాగైతే ఆ లెక్కకు చోటు నిండిపోయే 2038 జనవరి 19 ఉదయం 8:44 తరువాత దాని తేదీలను నమ్మకూడదని యజమానికి ఇప్పుడే రాసి ఇవ్వు.

గుమాస్తా సంతకం చేసిన వడ్డీ కాగితం తీసుకుని ఆదివారం గుంటూరు రా, నీ లెక్కలను చేత్తో వేసి చూస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ దిగులు నువ్వు పెట్టుకోవద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ