పాత పికప్‌లో గేర్లు సరిగా పడకపోతే ట్రాన్స్‌మిషన్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: టెక్సస్ వచ్చి ఏడాది కావస్తోంది. స్టోరుకు సరుకు తెచ్చుకోవడానికి 2004 షెవర్లే సిల్వరాడో 1500 కొన్నాం. వారం నుంచి సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బండి అసలు లాగడం లేదు. డ్రైవ్‌లో వేయగానే దబ్బుమని కుదుపు. రివర్స్ మాత్రం బాగానే ఉంది. మెకానిక్ బండిని ఒక రౌండ్ తిప్పి చూసి, ట్రాన్స్‌మిషన్ పోయింది, మూడు వేల డాలర్లు అవుతుందన్నాడు. చేయించమంటారా?

జవాబు: అప్పుడే వద్దండి. మీరు చెప్పిన లక్షణాలు వింటుంటే నాకు ముందు కరెంటు మీదే అనుమానం వస్తోంది.

మీ బండిలో ఉండేది చాలావరకు 4ఎల్60ఇ అనే నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్. 1993 నుంచి షెవర్లే తయారుచేసే జీఎం కంపెనీ ట్రక్కుల్లో లక్షల్లో వచ్చింది, విప్పి కట్టడం తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఇందులో గేరు పట్టించేది ఆయిల్ ప్రెషర్. ఏ గేరు పడాలో బండిలోని కంప్యూటర్ రెండు షిఫ్ట్ సోలినాయిడ్లతో (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే చిన్న వాల్వులు) చెబుతుంది. రెండింటికీ కరెంటు అందితే ఒకటో గేరు, రెండింటికీ పోతే మూడో గేరు. ఫ్యూజు పోయినా, కనెక్టర్ వదులైనా బండి మూడో గేరులోనే కదులుతుంది, అందుకే లాగదు. ప్రెషర్‌ను అదుపు చేసే సోలినాయిడ్‌కూ కరెంటు ఉండదు కాబట్టి ప్రెషర్ పూర్తిగా పెరిగి దబ్బుమని కుదుపు వస్తుంది. రివర్స్‌కు ఈ షిఫ్ట్ సోలినాయిడ్లతో పని లేదు. మీరు రాసినవన్నీ దీనికి సరిపోతున్నాయి.

కాబట్టి ముందు ఫ్యూజులు, బ్యాటరీ టెర్మినళ్లు, గ్రౌండ్ వైర్లు చూడండి. తర్వాత ట్రాన్స్‌మిషన్ కేసు పక్కన గుండ్రంగా ఉండే పెద్ద కనెక్టర్ ఊడదీసి, పిన్నులకు పచ్చగా చిలుము గానీ, లోపల ఆయిల్ గానీ పట్టిందేమో చూడండి. 1996 నుంచి ఇక్కడి కార్లు, చిన్న ట్రక్కులు అన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది, కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్లు అందులోంచే చదువుతారు. ఆటోజోన్ లాంటి పార్ట్స్ షాపులు చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా కోడ్లు చదివి చెబుతాయి. పీ0753, పీ0758 వస్తే సోలినాయిడ్ సర్క్యూట్లో తేడా. పీ1870 వస్తే లోపల స్లిప్ అవుతోందని, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ గేరుకు ఎంత పంపాలో పంచే భాగం) అరుగుదల దాకా వెళ్లిందని అనుమానించాలి. నంబరు కాగితం మీద రాయించుకోండి. కోడ్ చూడకుండా రీబిల్డ్ (మొత్తం విప్పి మళ్లీ కట్టడం) అనే మెకానిక్‌ను నేను నమ్మను.

ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మాటకొస్తే, మీ బండికి ఇంజన్ బాగా వేడెక్కాక, చదునైన చోట, పార్క్‌లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ చూడాలి. అన్ని బండ్లకూ ఇదే పద్ధతి కాదు, పాత డాడ్జ్ రామ్‌లలో న్యూట్రల్‌లో పెట్టి చూడాలి. ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేయండి. ఎర్రగా ఉంటే మంచిదే. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొడితే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంటే రేడియేటర్ లోపల కూలర్ చిల్లిపడి కూలెంట్ కలిసింది, ఇక ఆ బండిని ఒక్క మైలు కూడా నడపకండి. తక్కువైతే అర క్వార్ట్ (దాదాపు అర లీటరు) చొప్పున పోసి చూసుకోండి. ఎక్కువైనా నురగ కట్టి గేర్లు జారతాయి. మీ బండికి డెక్స్‌రాన్ 6 అనే రకం ఆయిల్ పోయొచ్చు. ఫోర్డ్, డాడ్జ్‌లకు వేరేవి, చేతికి దొరికిందల్లా పోయకూడదు.

ఇక నిజంగా లోపలే పోయిందా అన్నది. ఖాళీ రోడ్డు మీద నిదానంగా వేగం పెంచుతూ ఆర్పీఎం ముల్లు చూడండి. ఒకటి, రెండు గేర్లు బాగానే ఉండి, మూడోది పడాల్సిన చోట ముల్లు పైకి లేచి వేగం పెరగకపోతే మూడు, నాలుగు గేర్లను పట్టించే 3-4 క్లచ్ కాలిందన్నమాట. రెండు, నాలుగు, రివర్స్ మూడూ కలిసి పోయి, ఒకటి, మూడు మాత్రమే పనిచేస్తే సన్ షెల్ అనే లోపలి లోహపు డ్రమ్ము విరిగింది. ఈ ట్రాన్స్‌మిషన్‌లో అది పేరున్న జబ్బే. అప్పుడు విప్పక తప్పదు. అడుగున ఆయిల్ నిలిచే ప్యాన్ దించినప్పుడు మీరు పక్కనే ఉండండి. మాగ్నెట్‌కు సన్నటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే అది మామూలే, మెరిసే లోహపు ముక్కలు గానీ, నల్లటి క్లచ్ పొడి గానీ కుప్పగా కనిపిస్తే కాదు.

నలభై యాభై మైళ్ల వేగంలో బండి వణికితే దాన్నీ గేర్ల మీద వేస్తారు. యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేక్‌ను కొద్దిగా తాకించండి. వణుకు ఆగితే తేడా కన్వర్టర్ లాకప్‌ది, అంటే ఇంజన్‌ను ట్రాన్స్‌మిషన్‌తో కలిపే టార్క్ కన్వర్టర్‌లో రెంటినీ నేరుగా బిగించే క్లచ్‌ది, ఆగకపోతే ఇంజన్ మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) అయ్యే అవకాశం ఎక్కువ, స్పార్క్ ప్లగ్గులతో తీరిపోవచ్చు. ఆ పరీక్షకు తప్ప ఎడమ కాలు బ్రేక్ దగ్గరికి పోనివ్వకండి. మన దగ్గర క్లచ్ బండ్లు నడిపినవాళ్లకు అది చప్పున అలవాటవుతుంది. పెట్రోలు కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ చేయడం కూడా మానుకోండి.

రెండో మాట కోసం ట్రాన్స్‌మిషన్ పని మాత్రమే చేసే షాపుకు వెళ్లండి. మెకానిక్‌లకు పెట్టే ఏఎస్ఈ పరీక్షల్లో ఏ2 అన్నది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌కు సంబంధించింది, అది పాసయినవాళ్లు ఉన్నారా అని అడగడానికి మొహమాటపడకండి. ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి. పాత పార్టులు తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. ఈలోగా బండిని మూడో గేరులో సరుకుతో తిప్పితే కన్వర్టర్ వేడెక్కి, ఇప్పటిదాకా బాగున్న క్లచ్‌లు కూడా కాలిపోతాయి. బండిని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీదే షాపుకు పంపండి.