ముంబై సర్వరా, సింగపూర్ సర్వరా?

వైజాగ్ నుంచి వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడుతున్నా, లాబీలో పింగ్ (సిగ్నల్ సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే టైమ్) ముంబైకి 42, సింగపూర్‌కి 78 మిల్లీసెకన్లు చూపిస్తోంది, ముంబైలో టీమ్‌మేట్స్ బూతులు తిడుతున్నారని ఫ్రెండ్ సింగపూర్‌కి మారిపొమ్మంటున్నాడు, మారొచ్చా అని కదా మీ ప్రశ్న. బూతుల కోసమైతే వద్దు బ్రో. తిట్టేవాణ్ణి మ్యూట్ చేసుకోవచ్చు, పింగ్‌ని ఏం చేస్తారు?

నాదీ వైజాగే. రెండేళ్ల క్రితం నేనూ ఇలాగే మారాను. మొదటి రోజే ఎసెంట్ మ్యాప్‌లో మార్కెట్ డోర్ దగ్గర ఆపరేటర్ అనే స్నైపర్ గన్ పట్టుకుని కదలకుండా కూర్చున్నా, అవతలివాడు గోడ చాటు నుంచి వచ్చాడు, నాకు వాడి భుజం కనిపించేసరికే తల ఎగిరిపోయింది. తర్వాతి రౌండ్‌లో అయితే పూర్తిగా గోడ వెనక్కి వచ్చేశాక చచ్చాను. మోసమేమీ లేదు. వాడు కదిలిన సంగతి సర్వర్‌కి చేరి, అక్కణ్ణుంచి నా దగ్గరికి రావాలి, ఈలోపు వాడు నన్ను చూసేసి ఉంటాడు. పింగ్ పెరిగేకొద్దీ కాపు కాసేవాడికే ఎక్కువ నష్టం. పైగా ఈ ఆలస్యం మొత్తం తగ్గించుకోగలిగింది కూడా కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రంలో వేసిన ఒక కేబుల్ 3,200 కిలోమీటర్లు, అంటే చెన్నై నుంచి వెళ్లి రావడానికే 32 మిల్లీసెకన్లు. ఏ ప్లాన్ వేయించుకున్నా ఆ 32 తగ్గవు.

అలాగని కళ్లు మూసుకుని ముంబై పెట్టుకోమనీ చెప్పను. అప్పట్లో మా వీధి కేబుల్ నెట్‌లో పగలంతా ముంబై 40 ఉండేది, రాత్రి 9 అయ్యిందంటే 40, 130, 55, 160 అని గెంతులు. అదే టైమ్‌లో సింగపూర్ 80 దగ్గరే కదలకుండా ఉండేది. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు, ఇంకేం చెప్తాడు! కనెక్షన్ మార్చేదాకా ఓ మూడు నెలలు రాత్రిపూట సింగపూర్‌లోనే ఆడాను, నిజంగానే మెరుగ్గా ఆడాను కూడా. నిలకడగా ఉండే 80కి చెయ్యి అలవాటు పడుతుంది, గెంతే 40కి పడదు.

అందుకే లాబీలో చూపించే నంబర్‌ని నమ్మకండి. సెట్టింగ్స్‌లో వీడియో కింద స్టాట్స్ ఉంటుంది, అందులో నెట్‌వర్క్ ఆర్‌టీటీ (అదే పింగ్), ప్యాకెట్ లాస్ (దారిలోనే పోయే డేటా) గ్రాఫ్‌లు ఆన్ చేసుకుని మీరు రోజూ ఆడే టైమ్‌లోనే రెండు సర్వర్లలో రెండేసి డెత్‌మ్యాచ్‌లు ఆడండి. ప్యాకెట్ లాస్ సున్నా దాటి మాటిమాటికీ కనిపిస్తే ముందు వైఫై వదిలేసి ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి, సగం కేసుల్లో దొంగ ఇంట్లోనే ఉంటాడు (మా ఇంట్లో హాల్లో రౌటర్, వెనక గదిలో నేను, మధ్యలో రెండు గోడలు). ఇంకోటి, రెండు సర్వర్లకీ టిక్ పెట్టి వదిలేయకండి. నేను అలా వదిలేసి ర్యాంక్ మ్యాచ్ సగంలో ఉండగా చూసుకున్నా, సింగపూర్‌లో ఉన్నానని.

సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా బావతో ఆడేటప్పుడు మాత్రం ఒక మ్యాచ్ అక్కడ, ఒకటి ఇక్కడ. ఓడినవాడు సర్వర్‌ని తిట్టుకోవచ్చని ఒప్పందం.

కేబుల్ పెట్టి చూశాక రాత్రి 9 గంటల గ్రాఫ్ ఎలా ఉందో చెప్పండి, అప్పుడు తేలుద్దాం.